24 జీబీ చూపిస్తున్నా నెమ్మదిగానే: ఒక డెస్క్‌టాప్ ర్యామ్ అప్‌గ్రేడ్ కేస్ స్టడీ

ముందు సిస్టమ్ వివరాలు. రెడీమేడ్‌గా కొన్న కంపెనీ టవర్. కోర్ ఐ5-8400 ప్రాసెసర్, మదర్‌బోర్డు మీద బీ360 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్), నాలుగు ర్యామ్ స్లాట్లు, 64 బిట్ విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న యూహెచ్‌డీ 630తో పని నడుస్తోంది. కొన్నప్పుడు వచ్చింది ఒకే ఒక్క 8 జీబీ స్టిక్. దాని మీద పనిచేసేది కేటలాగులు డిజైన్ చేసే ఒకావిడ. పెద్ద పెద్ద ఫొటో ఫైళ్లు, వాటిలో పదుల కొద్దీ లేయర్లు, పక్కన బ్రౌజర్‌లో బారులు తీరిన ట్యాబులు. 8 జీబీ చాలడం లేదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నా దగ్గరికి రాకముందే ఆవిడ ఒక 16 జీబీ స్టిక్ తెప్పించి, క్యాబినెట్ తెరిచి, సొంతంగా పెట్టుకున్నారు. వేడి లాగే మెరిసే లోహపు కవచం, అంటే హీట్ స్ప్రెడర్, ఉన్న రకం. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేగం 3200 అని ఉంది. సిస్టమ్ ఆన్ అయింది, విండోస్‌లో 24 జీబీ కనిపించింది. అయినా రెండు ఇబ్బందులు మిగిలాయి. పని ఊహించినంత చురుగ్గా లేదు, కొన్ని చోట్ల ముందుకంటే మందంగా కూడా అనిపించింది. పైగా మునుపెన్నడూ లేని విధంగా మధ్యమధ్యలో హ్యాంగ్ అవడం, బ్లూ స్క్రీన్ రావడం మొదలైంది.

"బోర్డు డీడీఆర్4, ర్యామ్ డీడీఆర్4. 24 జీబీ అని చూపిస్తోంది కూడా. ఇంకా కంపాటిబిలిటీ గొడవేముంటుందండీ?" అన్నారావిడ.

సబబైన ప్రశ్నే, డీడీఆర్4 అన్న ర్యామ్ తరం రెండింటికీ ఒకటే. చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. విండోస్‌లో మొత్తం సైజు కనిపించిందంటే అర్థం ఇంతే: బయోస్ (ఆన్ చేయగానే విండోస్‌కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) ఆ స్టిక్‌లోని సమాచారాన్ని చదవగలిగింది, ఏదో ఒక వేగంతో దాన్ని పని చేయించగలిగింది. ఆ వేగం ఎంత, ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉన్న రెండు దారులూ, అంటే చానళ్లూ, వాడుకలో ఉన్నాయా, రోజంతా లోడు మీద తప్పుల్లేకుండా నిలబడుతుందా అన్నవి ఇంకా తేలలేదు. ర్యామ్ కొనేముందు నేను బోర్డుని, ప్రాసెసర్‌ని, అప్పటికే స్లాట్‌లో ఉన్న పాత స్టిక్‌ని మూడింటినీ అడుగుతాను. జనం ఎక్కువగా బోర్డుని మాత్రమే అడుగుతారు.

స్క్రీన్ మీద దొరికిన ఆధారాలు

క్యాబినెట్ తెరవకుండానే సగం సంగతి తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో మెమరీ. కుడివైపు కింద స్పీడ్ 2400 అని, నాలుగు స్లాట్లలో రెండు వాడుకలో ఉన్నాయని చూపిస్తోంది. పాత స్టిక్ 2666ది. కొత్తది, డబ్బా ప్రకారం, 3200ది. ఈ రెండూ కలిస్తే నెమ్మదైన దాని వేగం, అంటే 2666 రావాలి కదా? మరి రెండింటికన్నా తక్కువగా 2400 ఎక్కడి నుంచి వచ్చింది?

తర్వాత సీపీయూ-జెడ్ తెరిచాను. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఇది, ర్యామ్ విషయంలో టాస్క్ మేనేజర్ చెప్పని సంగతులు చెబుతుంది. మెమరీ ట్యాబ్‌లో డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1200కి దగ్గరగా ఉంది. అది చూసి మెమరీ సగం వేగంతో నడుస్తోందని కంగారు పడేవాళ్లున్నారు. అక్కడ చూపించేది అసలు గడియారం వేగం. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1200 అంటే 2400 అన్నమాటే. అసలు కంగారు పడాల్సింది దాని పైన ఉన్న గడి చూసి. చానల్ దగ్గర సింగిల్ అని ఉంది.

అంటే రెండు స్టిక్కులూ ఒకే చానల్ మీద కూర్చున్నాయి. పాత స్టిక్ పక్కన ఖాళీ స్లాట్ ఉంటే ఎవరైనా అందులోనే పెడతారు, ఆవిడా అలాగే పెట్టారు. ఈ బోర్డులో ఆ పక్క స్లాట్ అదే చానల్‌ది. ప్రాసెసర్‌కి మెమరీతో మాట్లాడడానికి 64 బిట్ల దారులు రెండు ఉన్నాయి, ఒకటి పూర్తిగా ఖాళీ. లెక్క వేస్తే, 2400 వేగంతో ఒక చానల్ మీద గరిష్ఠంగా సెకనుకు 19.2 గిగాబైట్లు. 2666తో రెండు చానళ్లయితే 42 గిగాబైట్లు దాటుతుంది. కాగితం మీది లెక్కే అనుకోండి, నిజమైన పనిలో తేడా అంత ఉండదు. కానీ విడి గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో స్క్రీన్ మీద బొమ్మ గీసే పని కూడా ఇదే ర్యామ్ మీద పడుతుంది. అందుకే ఇలాంటి సిస్టమ్‌కి రెండో చానల్ చాలా అవసరం.

ఏ స్లాట్ ఏ చానల్‌దో రంగుల్ని బట్టి ఊహించకండి. విడిగా దొరికే నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ముందు పెట్టమంటారు. కంపెనీ టవర్లలో ఒక్కొక్కరిది ఒక్కో వరస. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఒక పేజీ బొమ్మ ఉంటుంది, ఆ ఒక్క పేజీ చూస్తే చాలు.

3200 స్టిక్ 2400కి ఎందుకు దిగింది

ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఒక బుల్లి చిప్ ఉంటుంది. తన సైజెంత, ఏ వేగానికి ఏ టైమింగ్స్ (ఒక్కో పనికి ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే అంకెలు), ఎంత వోల్టేజీ అన్న పట్టిక అందులో రాసి ఉంటుంది. దాన్ని ఎస్‌పీడీ అంటారు. సిస్టమ్ ఆన్ అవగానే బయోస్ చదివేది ఈ పట్టికనే. డబ్బా మీద ఏం అచ్చేశారో దానికి తెలియదు.

సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి కొత్త స్టిక్ ఉన్న స్లాట్ ఎంచుకుంటే ఆ పట్టిక మన కళ్లకీ కనిపిస్తుంది. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన వేగాలకు కొన్ని వరసలు, వాటన్నిటికీ 1.2 వోల్టులు. ఈ స్టిక్‌లో జెడెక్ వరసలు 2400తో ఆగిపోయాయి. చివర్లో విడిగా ఎక్స్‌ఎంపీ అని ఇంకో వరస ఉంది. 3200 అన్నది అక్కడ ఉంది, 1.35 వోల్టులతో.

ఎక్స్‌ఎంపీ అంటే తయారీదారు హామీతో చేసే ఓవర్‌క్లాకింగే, అంటే ప్రమాణ వేగాన్ని మించి నడపడం. బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేస్తేనే అమల్లోకి వస్తుంది. ఈ టవర్ బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అన్న మెనూయే లేదు. ఒకవేళ ఉన్నా 3200 అందదు. ఐ5-8400 మెమరీ కంట్రోలర్‌కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ వేగం 2666, బీ360 చిప్‌సెట్ దాన్ని దాటనివ్వదు. ఆ తరం ఇంటెల్‌లో మెమరీని అంతకు మించి తోలాలంటే జెడ్ సిరీస్ చిప్‌సెట్ ఉండాల్సిందే.

కాబట్టి బయోస్ ఎక్స్‌ఎంపీని పక్కన పెట్టి, కొత్త స్టిక్‌లో జెడెక్ వరకు చూసి 2400 తీసుకుంది. చానళ్లన్నిటికీ వేగం ఒకటే ఉండాలి. జోడెడ్లలో ఒకటి మెల్లగా నడిస్తే బండి దాని నడకకే దిగినట్టు, నిన్నటిదాకా 2666తో నడిచిన పాత స్టిక్ కూడా 2400కి దిగింది. ఎక్కువ వేగం అనుకుని కొన్న ర్యామ్ ఉన్న వేగాన్ని తగ్గించింది. ఇది నేను తరచూ చూసేదే. ఆఫీసు డెస్క్‌టాప్‌లలోకి గేమింగ్ ర్యామ్ తెచ్చి పెట్టిన చోటల్లా దాదాపు ఇదే కథ.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. 3200 అని రాసిన స్టిక్కులు రెండు రకాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన ఎక్స్‌ఎంపీ 3200, 1.35 వోల్టులది. రెండోది జెడెక్ 3200. మామూలు 1.2 వోల్టులతోనే, ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ఆ వేగం ఇస్తుంది, టైమింగ్స్ కాస్త వదులుగా ఉంటాయి. ఈ రెండోది 2666 బోర్డులో పెడితే బుద్ధిగా 2666కి సర్దుకుంటుంది, ఎందుకంటే కింది వేగాల వరసలు దాని పట్టికలో ఉంటాయి. మొదటిదాని జెడెక్ వరస ఎక్కడ ఆగుతుందో మోడల్‌ని బట్టి ఉంటుంది. కొన్ని 2133 దగ్గరే ఆగిపోతాయి.

ఇంతవరకూ వేగం సంగతి. బ్లూ స్క్రీన్‌కి మాత్రం ఇదేదీ కారణం కాదు. 1.2 వోల్టుల మీద 2400తో నడవడం ఆ స్టిక్‌కి చాలా తేలిక.

క్యాబినెట్ మూస్తేనే వచ్చే తప్పులు

పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ నడిపాను. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ కూడా పనికొస్తుంది గానీ అది సరే అన్నంత మాత్రాన నేను నమ్మను. తప్పు చూపిస్తే మాత్రం నమ్ముతాను. ఇక్కడ మెమ్‌టెస్ట్‌లో కాసేపటికే ఎర్రటి వరసలు మొదలయ్యాయి.

తప్పులు వస్తే తర్వాతి పని ఒక్కో స్టిక్‌ని విడిగా పరీక్షించడం, అది కూడా ఒకే స్లాట్‌లో. అప్పుడు తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలుతుంది. క్యాబినెట్ పలక తీసి, పైన అడ్డంగా ఉన్న డిస్క్ కేజ్ పక్కకి తిప్పి, పాత స్టిక్‌తో నడిపాను. శుభ్రంగా పాసైంది. కొత్త స్టిక్‌తో నడిపాను. అదీ పాస్. రెండూ ముందున్న చోటే పెట్టి నడిపితే కూడా ఏ తప్పూ లేదు. కేజ్ వెనక్కి తిప్పి పలక మూసి మళ్లీ నడిపితే ఎర్ర వరసలు.

ఆ తర్వాత టార్చి వేసి చూడడమే మిగిలింది. ఈ టవర్‌లో హార్డ్ డిస్క్ కేజ్ కీలు మీద తిరిగి సరిగ్గా ర్యామ్ స్లాట్ల మీదికి వచ్చి కూర్చుంటుంది. హీట్ స్ప్రెడర్ లేని డీడీఆర్4 స్టిక్ ఎత్తు 31.25 మిల్లీమీటర్లు. డిజైన్ చేసినవాళ్లు కేజ్‌కి కింద వదిలిన జాగా ఆ కొలతకే. ఈ కొత్త స్టిక్ హీట్ స్ప్రెడర్‌తో కలిపి 40 దాటింది. కేజ్ మూసిన ప్రతిసారీ అంచు దాని మీద నొక్కుతోంది. స్ప్రెడర్ పైభాగాన సన్నటి గీత, కేజ్ అడుగున రంగు లేచిన మచ్చ, రెండూ ఒకే తిన్నన ఉన్నాయి. పైగా ఈ బోర్డు స్లాట్లకి ఒక చివరే క్లిప్ ఉంది. రెండో చివర కదలని గాడి మాత్రమే. నొక్కుడుకి స్టిక్ అతి కొద్దిగా వాలి, కొన్ని పిన్నుల దగ్గర పట్టు సరిగా లేకుండా పోతోంది. డిస్క్ తిరిగే అదురు, లోపలి వేడి దానికి తోడైతే ఎప్పుడో ఒకప్పుడు బ్లూ స్క్రీన్.

కంపాటిబిలిటీ అనగానే చిప్‌సెట్ దగ్గర మొదలుపెడతాం. స్కేలు పెట్టి ఎత్తు కొలవడం ఎవరికీ తట్టదు. కంపెనీ టవర్లలో, చిన్న క్యాబినెట్లలో, పెద్ద కూలర్ బిగించిన సిస్టమ్‌లలో నేనైతే హీట్ స్ప్రెడర్ లేని స్టిక్కే అడుగుతాను. 1.2 వోల్టుల డీడీఆర్4కి ఆ లోహపు కవచం అందానికి తప్ప ఎందుకూ అక్కర్లేదు.

ఎంత కావాలి

వేరే ర్యామ్ కొనాల్సిందే అని తేలాక సైజు మాటొచ్చింది. దీన్ని అభిప్రాయాలకి వదలకూడదు. ఆవిడని మామూలుగా పనిచేసే రోజులాగే అన్నీ తెరిచి పెట్టమన్నాను. టాస్క్ మేనేజర్‌లో ఇన్ యూజ్ అన్న అంకె కన్నా కమిటెడ్ అన్న అంకె చూడాలి. ప్రోగ్రాములన్నీ కలిసి ఎంత మెమరీకి హామీ తీసుకున్నాయో అది చెబుతుంది. పని బిగువుగా ఉన్నప్పుడు అది 27 జీబీ దాటుతోంది. ఉన్న 24కి మించింది పేజ్ ఫైల్‌లోకి, అంటే డిస్క్ మీదికి పోవచ్చు. ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కి మారినప్పుడల్లా ఆవిడకి కనిపించే ఆ చిన్న ఆగుడు అక్కడిదే. 32 జీబీ సరిపోతుంది. 64 కావాలనడానికి ఆధారమేదీ కనబడలేదు.

ఆ టవర్ మాన్యువల్‌లో గరిష్ఠం 64 జీబీ అని, స్లాట్‌కి 16 చొప్పున అని ఉంది. ఈ రెండో అంకె ముఖ్యం. మొత్తం 64 పడుతుందంటే రెండు 32 జీబీ స్టిక్కులు పెట్టొచ్చని అర్థం కాదు. స్లాట్‌కి ఎంత అన్నది విడిగా చూడాలి. విండోస్‌లోనో లినక్స్‌లోనో కమాండ్‌తో తెచ్చే గరిష్ఠ సామర్థ్యం అంకె బయోస్‌లో ఎవరో నింపింది, అది తప్పుగా ఉన్న బోర్డులు నేను చూశాను. మాన్యువల్‌దే చివరి మాట.

స్టిక్కర్ మీది ఒక్క వరస

ఇక కొనడం. పాత స్టిక్ తీసి దాని స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫొటో తీశాను. అందులో ఒక వరస ఇలా ఉంది: 8 జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2-11. ఇది చదవడం వస్తే దుకాణంలో ఎవరినీ అడగక్కర్లేదు.

1ఆర్ఎక్స్8 అంటే ఒక ర్యాంక్, అంటే కలిసి పనిచేసే చిప్‌ల జట్టు ఒకటి, ఒక్కో చిప్ వెడల్పు 8 బిట్లు. ఎనిమిది చిప్‌లు కలిసి 64 బిట్లు. 2ఆర్ఎక్స్8 అయితే అలాంటి జట్లు రెండు, పదహారు చిప్‌లు. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 వేగం. దాని పక్కన ఉన్న వీ టైమింగ్స్ జాతి, అంటే 19-19-19. 2400 పక్కన టీ ఉంటే 17-17-17. జెడెక్ 3200 అయితే ఏఏ అని ఉంటుంది, 22-22-22. విడిగా అమ్మే ప్యాకెట్ల మీద ఇదే వేగాన్ని పీసీ4-21300 అని కూడా రాస్తారు. 2666ని 8 బైట్లతో గుణించి గుండ్రం చేసిన అంకె అది, వేరే రకం కాదు.

ఇక ఆ యూ అక్షరం. దాని విలువ ఇంకా ఎక్కువ. యూ అంటే అన్‌బఫర్డ్ (మధ్యలో వేరే చిప్ లేకుండా ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడేది), డెస్క్‌టాప్‌కి కావాల్సింది అదే. అక్కడ ఆర్ ఉంటే రిజిస్టర్డ్, ఎల్ ఉంటే లోడ్ రెడ్యూస్డ్, రెండూ సర్వర్లవి. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్ సైజు. ఈ అన్న అక్షరం ఉంటే ఈసీసీ (మెమరీ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు) ఉన్న అన్‌బఫర్డ్, అది చాలా డెస్క్‌టాప్‌లలో ఈసీసీ పనిచేయకపోయినా మామూలు ర్యామ్‌లా నడుస్తుంది.

ఇదెందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఆవిడే ఈలోపు ఒక చోట 16 జీబీ స్టిక్కులు సగం ధరకే ఉన్నాయని ఫొటో పంపారు. "సర్వర్ల నుంచి తీసినవట, గట్టిగా ఉంటాయన్నారు. తీసేసుకోనా?" అని అడిగారు. స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్ఏ1 అని ఉంది. ఆర్ కనిపించింది, మాట అక్కడితో అయిపోయింది. చిక్కేమిటంటే డీడీఆర్4లో రిజిస్టర్డ్ స్టిక్ కూడా డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా దిగుతుంది. గాడి కూడా అదే చోట ఉంటుంది, పిన్నులూ అవే 288. దిగుతుంది గానీ సిస్టమ్ ఆన్ కాదు, బీప్‌లు కొడుతుంది. డీడీఆర్5లో ఈ రెండింటికీ గాడి చోటు మార్చారు కాబట్టి ఆ తరంలో ఈ పొరపాటు జరగదు.

దాదాపు ఇలాంటి ఉచ్చే డీడీఆర్3 రోజుల్లో ఇంకొకటుండేది. ఏఎండీ (ఇంటెల్‌కి పోటీ కంపెనీ) ప్రాసెసర్లకి మాత్రమే అని చిన్నక్షరాల్లో రాసి చవగ్గా అమ్మేవాళ్లు. 4 బిట్ల వెడల్పు చిప్‌లతో కట్టిన స్టిక్కులవి. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో పెడితే స్క్రీన్ కూడా రాదు. పాత సిస్టమ్‌కి ర్యామ్ వెతికేవాళ్లకి అవి ఇప్పటికీ ఎదురవుతున్నాయి.

ఏం కొన్నాం

రెండు 16 జీబీ స్టిక్కులు, స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూబీ1. హీట్ స్ప్రెడర్ లేనివి, 1.2 వోల్టులు.

జెడెక్ 3200వి కూడా నడిచేవి, పైగా సులువుగా దొరుకుతున్నాయి. నేను 2666 రెండు ర్యాంకులవే పట్టుబట్టడానికి కారణం చిప్ సాంద్రత. 16 జీబీ స్టిక్‌ని పదహారు 8 గిగాబిట్ చిప్‌లతో కట్టొచ్చు, ఎనిమిది 16 గిగాబిట్ చిప్‌లతోనూ కట్టొచ్చు. కొత్త 1ఆర్ఎక్స్8 రకం రెండోది. ఈ టవర్ తరం వచ్చిన రోజుల్లో మామూలుగా ఉన్నవి 8 గిగాబిట్ చిప్‌లే. పాత బయోస్ ఉన్న బోర్డులు 16 గిగాబిట్ చిప్‌లతో ఒక్కోసారి పేచీ పెడతాయి. అప్‌డేట్ చేస్తే దారికి వచ్చేవి ఉన్నాయి, రానివీ ఉన్నాయి. అనుమానం లేని దారి పక్కనే ఉండగా ఆ టెన్షన్ దేనికి? ఇక నాలుగే చిప్‌లుండే 1ఆర్ఎక్స్16 రకం స్టిక్కులు ఉంటాయి, డీడీఆర్4లో వాటికి బ్యాంక్ గ్రూపులు (పని పంచుకునే చిప్ లోపలి విభాగాలు) సగమే కాబట్టి కొంచెం నెమ్మది. వేరే దారి ఉంటే అవి తీసుకోను.

"మరి పాత 8 జీబీని ఎందుకు తీసేయడం? స్లాట్లు ఖాళీగానే ఉన్నాయిగా, 40 అవుతుంది కదా" అన్నారావిడ. నిజానికి పెట్టినా నడుస్తుంది. సైజులు సమానం కాకపోతే ఇంటెల్ కంట్రోలర్ రెండు వైపులా సరితూగినంత మేర డ్యూయల్‌గా, మిగిలింది సింగిల్‌గా నడుపుతుంది. ఇక్కడ 32 డ్యూయల్, 8 సింగిల్ అయ్యేది. వేర్వేరు కంపెనీల స్టిక్కులు కలపడం మహాపాపమేమీ కాదు, ఎస్‌పీడీలు పొసిగితే ఏళ్ల తరబడి నడిచినవి ఉన్నాయి. కానీ అవసరం 27, ఉన్నది 32. అక్కర్లేని 8 కోసం మూడో స్టిక్ పెడితే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు అనుమానించాల్సింది ఇంకొకటి పెరుగుతుంది. ఆవిడ ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.

బిగించేటప్పుడు ఒక్క మాట. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ నొక్కినా అది పూర్తి షట్‌డౌన్ కాదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి, పవర్ వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ లోహాన్ని తాకాకే స్టిక్ ముట్టుకుంటాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగా ఉండొచ్చు. బయోస్ కొత్త స్టిక్కులకి టైమింగ్స్ సరిచూసుకుంటూ ఉంటుంది. డీడీఆర్5లో అది నిమిషాల మీద కూడా సాగుతుంది. కంగారుపడి మధ్యలో ఆపేయకూడదు. ఈ టవర్ మెమరీ సైజు మారిందని ఒక మెసేజ్ ఇచ్చి కీ నొక్కమంది, అది తప్పు కాదు.

తర్వాత చూసినవి

టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 2667. సీపీయూ-జెడ్‌లో 1330 చిల్లర, చానల్ డ్యూయల్. కేజ్ మూసి, పలక బిగించి, మెమ్‌టెస్ట్ రాత్రంతా వదిలేశాను. ఒక్క తప్పూ లేదు. క్యాబినెట్ మూశాకే పరీక్షించాలన్నది ఈ కేసు తర్వాత నా దగ్గర నియమంలా స్థిరపడిపోయింది.

పనిలో తేడా ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో కూడా చెప్పాలి. ఫైళ్ల మధ్య, బ్రౌజర్‌కీ డిజైన్‌కీ మధ్య మారేటప్పటి ఆగుడు పోయింది. అది సైజు వల్ల. పెద్ద బొమ్మని జూమ్ చేసి జరుపుతుంటే ముందు కనిపించే వణుకు బాగా తగ్గింది. అది ఎక్కువగా రెండో చానల్ వల్ల. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ సమయం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు, ఎందుకంటే అక్కడ పని ప్రాసెసర్‌ది. ఈ చివరిది కొనకముందే చెప్పి ఉంచాను కాబట్టి నిరాశ లేదు.

ఒక చిన్న చేదు మాత్రం మిగిలింది. ఆవిడ ఎస్ఎస్‌డీ చిన్నది. ర్యామ్ పెరిగితే విండోస్ హైబర్నేషన్ ఫైల్ (సిస్టమ్ ఆపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద దాచుకునే ఫైల్) కూడా పెరుగుతుంది. మామూలు సెట్టింగ్‌లో అది ర్యామ్‌లో 40 శాతం, అంటే 32 జీబీకి 13 జీబీ దాకా డిస్క్ తినేస్తుంది. ఆవిడ హైబర్నేట్ ఎప్పుడూ వాడరు కాబట్టి ఆపేశాం.

వేరే సిస్టమ్ అయితే

ఇదే తనిఖీ వేరే చోట చేస్తే చిక్కు వేరే చోట బయటపడుతుంది. డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 అసలు దిగదు, పిన్నులు 240, 288. హెచ్81 లాంటి పాత రెండు స్లాట్ల బోర్డులో గరిష్ఠం 16 జీబీ, స్లాట్‌కి 8. అరచేతిలో పట్టేంత మినీ డెస్క్‌టాప్‌లు, చాలా ఆల్-ఇన్-వన్‌లు ల్యాప్‌టాప్ సైజు స్టిక్కులే వాడతాయి, కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 32 బిట్ విండోస్ ఉన్న సిస్టమ్‌లో 4 జీబీకి మించి పెట్టినా వాడుకలోకి రాదు, ముందు విండోస్ మార్చాలి.

ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్ల మొదటి తరంలో స్టిక్కుల సంఖ్య, ర్యాంకులే వేగాన్ని నిర్ణయిస్తాయి. ఏఎండీ అధికారిక పట్టికలో ఒక ర్యాంక్ స్టిక్కులు రెండైతే 2666, రెండు ర్యాంకులవి నాలుగు పెడితే 1866. డీడీఆర్5కి వచ్చినా అదే వరస. రైజెన్ 7000లో రెండు స్టిక్కులకి 5200, నాలుగైతే 3600. అందుకే డీడీఆర్5 సిస్టమ్‌లో రెండు స్టిక్కులున్న వాళ్లు ఇంకో రెండు కలుపుతామంటే నేను వద్దంటాను. ఉన్నవి అమ్మేసి పెద్దవి రెండు కొనుక్కోవడం మేలు. 24, 48 జీబీ సైజు డీడీఆర్5 స్టిక్కులైతే ముందు బయోస్ అప్‌డేట్ చూసుకోవాలి.

ఆవిడ తెచ్చిన 3200 స్టిక్‌లో లోపమేమీ లేదు. వాళ్ల తమ్ముడి సిస్టమ్‌లో బీ450 బోర్డు, రైజెన్ 5 3600 ఉన్నాయి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీని చదివే మెనూ ఉంది, ఎత్తుకి అడ్డమూ లేదు. అందులో పెట్టి ఆ మెనూ ఆన్ చేస్తే 3200 వచ్చింది, మెమ్‌టెస్ట్ పాసైంది. పాత 8 జీబీ నా డ్రాయర్‌లోకి చేరింది, 2666 బోర్డుల్లో స్లాట్లు పరీక్షించడానికి. టవర్ పలక లోపలివైపు మాత్రం కొత్త స్టిక్కర్ వరసని మార్కర్‌తో రాసి పెట్టాను. ఎప్పుడైనా 64కి వెళ్లాలంటే అదే వరస ఉన్నవి ఇంకో రెండు తెస్తే సరిపోతుంది.